అడిగితేగాని నమ్మని సారు

మా గోదావరిఖనిలో నాతో బేరమాడకుండా ఎవరూ ఏదీ కొనేవాళ్లు కాదు. కంప్యూటర్ కొన్నవాడు మౌస్ ఉత్తగా ఇవ్వమంటాడు. మౌస్ కొన్నవాడు దాని కింద పరిచే ప్యాడ్ అడుగుతాడు. ఏమీ కొననివాడు నా ఫ్యాన్ కింద కాసేపు కూర్చుని, చెమట ఆరాక లేచిపోతాడు. నేనూ తక్కువ తిన్నవాణ్ని కాదు, బేరం లేని రోజు నాకు అన్నం సహించదు. అలాంటి నా దుకాణానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకవతల టైలరు షాపు పైన, ఒక మనిషి ఉండేవాడు. ఆయన ఒక ధర చెప్పేవాడు, జనం ఇచ్చి పోయేవాళ్లు. మెట్లు దిగి వస్తున్నప్పుడు వాళ్ల ముఖాల్లో మోసపోయామన్న అనుమానం ఉండేది కాదు, గెలిచామన్న సంబరమూ ఉండేది కాదు. పని అయిపోయిన మనుషుల ముఖాలు, అంతే. గల్లా ముందు కూర్చుని రోజూ అది చూడటం ఎంత కష్టమో దుకాణం నడిపినవాళ్లకు తెలుస్తుంది.

ఆయన పోయాడు. పేరు రాయను. ఊరంతా సార్ అనే పిలిచింది, నేనూ పళ్లు కొరుక్కుంటూ అలాగే పిలిచాను.

మొన్న మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అయింది. ఎప్పటిలాగే షట్టరు గలగలలాడి మానిటర్లు వణికాయి. నా ఎదురు కుర్చీలో మా బిడ్డ కీబోర్డు మీద ఏదో కొట్టి, ఎంటర్ నొక్కబోయి, చెయ్యి పైకి తీసింది. బొటనవేలిని చూపుడువేలికి ఆనించి, మధ్యలో ఏదో గింజ ఉన్నట్టు మెల్లగా రాసింది. ఆ తర్వాత నొక్కింది. నా చేతిలో టీ గ్లాసు పెదవి దాకా వచ్చి ఆగింది. అది ఆయన అలవాటు. అచ్చం ఆయనదే.

టిఫిన్ డబ్బా తెచ్చిన మా ఆవిడ కూడా చూసింది.

"చూసినవా, మా మామ గుడ కందిపప్పు గిట్లనే రాసి చూసేటోడు. తాత రక్తం యాడికి పోతది!" అని మురిసిపోయింది.

మా బాపు పప్పు అలాగే చూసేవాడు, నిజమే. కానీ ఆయన పోయేనాటికి మా బిడ్డకు ఇంకా మాటలు రాలేదు. ఆ వేళ్లు రోడ్డుకవతలి నుంచి వచ్చాయని నాకు తెలుసు. అయినా మా ఆవిడను సరిదిద్దలేదు. మా ఇంటి ఖాతాలో పడ్డ మంచిపేరును నేనెందుకు ఎదుటివాడికి రాసిస్తాను?

ఆయన మనిషి ఎలా ఉండేవాడో చెప్పాలి. మా ఊళ్లో పొద్దున ఆరేసిన బట్ట మాపటికల్లా బూడిద రంగుకు తిరుగుతుంది. అలాంటిచోట ఆయన రోజూ ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా వేసేవాడు. ఎక్కడ కూర్చోవాలన్నా జేబులోంచి రుమాలు తీసి కుర్చీ మీద పరిచి, దాని నాలుగు కొసలూ సర్ది అప్పుడు కూర్చునేవాడు. లేచేటప్పుడు అదే మడతల మీద మళ్లీ మడిచేవాడు. వాళ్ల నాయన బొగ్గు బాయి మీద టైం ఆఫీసులో గుమస్తా, డ్యూటీకి ఎవరు వచ్చారో ఎవరు రాలేదో రాసుకునే ఉద్యోగం. బహుశా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది ఈయనకూ ఆ హాజరు పట్టే రోగం. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడేవాడు. ఒక్క పాటా శ్రుతిలో ఉండేది కాదని పక్క బెంచీల వాళ్లే చెప్పేవాళ్లు. చెప్పి, "అయినా సారు పాడితేనే నిండుగుంటది" అని ముగించేవాళ్లు. శ్రుతి తప్పినా మెచ్చుకునే గిరాకీ ఎక్కడ దొరుకుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయనదీ నాదీ ఒకటే వ్యాపారం, కంప్యూటర్లు బాగుచేయడం. "సేటూ, సిస్టం నడుస్తలేదు" అని ఎవరన్నా వస్తే నేను ముందు డబ్బా విప్పేవాణ్ని. మా దగ్గర ఏ డబ్బా విప్పినా లోపల మెత్తటి బొగ్గుపొడి. బ్లోయర్ కొడితే దుకాణం నిండా నల్ల మబ్బు లేస్తుంది. ఆ మబ్బు చూశాక గిరాకీకి సగం నమ్మకం కుదురుతుంది. మిగతా సగానికి, "ఫార్మాట్ కొట్టాలె" అనేవాణ్ని. అంటే ఉన్నదంతా తుడిచేసి కొత్తగా ఎక్కించడం. తలనొప్పికీ కడుపునొప్పికీ ఒకే సూది వేసే డాక్టర్లు ఉంటారు చూడండి, కంప్యూటర్లకు నేను అలాంటి డాక్టర్ని.

ఆయన డబ్బా ముట్టేవాడు కాదు. రుమాలు పరిచి కూర్చుని, అక్షరాలు కొట్టి మిషన్‌తో మాట్లాడే నల్ల తెర తెరిచేవాడు. ఆయన చేతికి వచ్చే మిషన్లను నడిపే సాఫ్ట్‌వేర్ చాలావరకు లినక్సే, లేకపోతే ఆయనే ఎక్కించేవాడు. దాన్ని డబ్బు పెట్టి కొనాల్సిన పనిలేదు కాబట్టి స్కూళ్లవాళ్లు, కాలేజీ ల్యాబులవాళ్లు ఆయన మాట విన్నారు. ఉత్తగా దొరికే సరుకు మీద ఒక మనిషి అంత గౌరవంగా ఎలా బతుకుతున్నాడో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. ఆ నల్ల తెర మీద ఏదీ ఎక్కించకముందు, ఏదీ తీసేయకముందు, లోపల ఇప్పుడు ఏమేం ఉన్నాయో, ఒక్కొక్కటి ఎన్నో వెర్షనో మిషన్నే అడిగేవాడు. dpkg -l అని కొట్టేవాడు. చెయ్యి ఎత్తి, వేళ్లు రాసి, ఎంటర్ నొక్కేవాడు. తెర నిండా వరుసలు దిగేవి. ప్రతి వరుసలో ఎడమన రెండు అక్షరాలు, ఆ పక్కన సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ నంబరు, అది ఏం పని చేస్తుందో ఒక ముక్క. గోదాం తలుపు తీసి లైటు వేసినట్టు ఉండేది.

కిరాణం దుకాణంలో పెరిగినవాణ్ని, నాకు అది చూడగానే అర్థమైంది. అదే నా ఏడుపు. అర్థం కాకపోతే ఏదో మాయ అని తిట్టుకుని ఊరుకునేవాణ్ని.

తన దగ్గరికి వచ్చే పిల్లలచేత ఆ మాటను ఎక్కం లాగా పైకి చెప్పించేవాడు. "డీ పీ కే జీ, స్పేస్, డ్యాష్, ఎల్!" పిల్లల అరుపులు రోడ్డు దాటి నేరుగా నా గల్లా మీదికి వచ్చి పడేవి. ఫలానా ఒక్కదాని సంగతే కావాలంటే "ఆప్ట్ పాలసీ" అని ఇంకోటి నేర్పేవాడు. అది కొడితే పై వరుసలో లోపల ఉన్న వెర్షన్, కింది వరుసలో బయట దొరికే వెర్షన్ వస్తాయి. గోదాంలో ఉన్నదేంది, మార్కెట్లో దొరికేదేంది. మా వీధిలో ఏ దుకాణదారుకైనా పొద్దున లేస్తే తెలియాల్సింది ఈ రెండే. ఆ ముక్క నాకు ముందే తెలుసు, కానీ నేర్పి పేరు తెచ్చుకున్నవాడు మాత్రం ఆయన.

ఆయన నోట ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "అడిగినవా?"

కింద టైలరు, "సార్, ఇయ్యాల కరెంటు రాదట" అంటాడు.

"అడిగినవా?"

"ఎవర్నడుగుత సార్, అందరంటున్నరు."

"అందర్ని గాదు. లైన్‌మెన్‌ను అడిగినవా?"

మిర్చీబజ్జీల అక్క ఒకసారి పొయ్యి సర్దుకుంటూ, "వాన పడేటట్టుంది సారూ" అన్నది. ఆయన తల ఎత్తకుండానే "అడిగినవా?" అన్నాడు. ఆమె జాలిగరిటె పైకెత్తి మబ్బుకేసి చూపించింది. "నువ్వే అడుగు సారూ, ఆదివారం ఆదివారం గంత గట్టిగ పాడుతవు, నీ మాటైతే ఇంటడు!" వీధి వీధంతా నవ్వింది, ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. అదే మాట ఆమె నాతో అని ఉంటే మరునాటి నుంచి బజ్జీలు వేరేచోట కొనేవాణ్ని.

ఇక మా బాపు నాకు నేర్పిన విద్య సరిగ్గా దీనికి ఎదురు. ఇప్పుడు నా కంప్యూటర్లున్న గదిలోనే ఆయన కిరాణం నడిపాడు. ఫస్ట్ షిఫ్టు దిగిన మనుషులు నల్లటి ముఖాలతో నేరుగా మా మెట్టు ఎక్కేవాళ్లు. గల్లా ముందు కూర్చున్నవాడి నోట "లేదు" అన్న మాట రాకూడదని ఆయన కట్టడి. పటికబెల్లం ఉన్నదా అంటే, ఉన్నా లేకపోయినా "ఉన్నది, కూసో" అనాలి. గిరాకీ కూర్చున్నాక వెనక తలుపు నుంచి పక్క దుకాణానికి వెళ్లి తేవాలి. "లేదు" అన్నావంటే ఆ మాట పట్టుకుని లక్ష్మి మెట్లు దిగిపోతుందనేవాడు. నా నోరు ఆ మాటకు మొద్దుబారిపోయింది. పెళ్లిచూపులప్పుడు మా మామగారు "ఏమన్న అలవాట్లున్నయా బాబూ?" అని అడిగితే గూడ "ఉన్నయి, కూసోండ్రి" అన్నానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్విస్తుంది.

ఒకసారి సార్ ఏదో కేబుల్ కోసం నా దుకాణానికి వచ్చాడు. నా కుర్చీ మీద, నేను పొద్దునే తుడిచిన కుర్చీ మీద, రుమాలు పరిచాడు. కూర్చుని పైకి చూశాడు. దూలానికి మా బాపు తక్కెడ వేలాడిన ఇనప కొక్కెం ఇంకా ఉంది. గుమ్మం మీద నా ఫ్లెక్సీ చిరిగినచోట పాత కిరాణం బోర్డు తొంగిచూస్తోంది.

"సేటూ, నీ దుకాణం ఆర్‌సీ" అన్నాడు.

"అంటే ఏంది సార్?"

"ఆ లిస్టుల ఎడమపక్క రెండక్షరాలుంటయి సూడు. ఐఐ అంటే మంచిగ ఉన్నదన్నట్టు. ఆర్‌సీ అంటే సామాను తీసేసిండ్రు, దాని సెట్టింగులు మాత్రం లోపల అట్లనే మిగిలినయన్నట్టు."

"మరి సెట్టింగులు గుడ తీసెయ్యాల్నా?"

"నేనెందుకు తీస్త? ఉన్నదా లేదా అడుగుత, గంతే" అని కేబుల్ తీసుకుని, నేను చెప్పిన ధర బేరమాడకుండా ఇచ్చి పోయాడు. నేను కావాలని పెంచి చెప్పిన ధర. ఆ రోజంతా నాకు ఏదో పోగొట్టుకున్నట్టే ఉంది.

నాకు ఒక్కతే బిడ్డ. డిప్లొమాలో కంప్యూటర్ బ్రాంచి చదువుతోంది. చదువు అయ్యాక నా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాలని, బోర్డు మీద నా పేరు కింద ఆమె పేరు రాయించాలని నా ఆశ. మగపిల్లలున్న మా వాళ్ల దుకాణాల్లో కొడుకులు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. నా బిడ్డ కూర్చుంటే వాళ్లందరి కళ్లూ తెరుచుకోవాలి. ఆశ అంటే అదే, ఇంకేం లేదు.

ఎదుటి దుకాణంలో ధర ఎంత నడుస్తోందో తెలుసుకోవడానికి మనిషిని పంపడం మా వీధిలో అందరూ చేసేదే. నేను మా బిడ్డను పంపాను. "కొన్ని రోజులు పో, క్లాసు ఇను, గాయన మర్మమేందో కనుక్కోని రా" అన్నాను. పంపిన మనిషి కబురు పట్టుకుని తిరిగి రావాలి. నా మనిషి వెళ్లి అక్కడే కుదురుకుంది.

ఇంట్లో ఇక ఏ మాట మొదలైనా "సార్ అన్నడు" అనే మొదలయ్యేది. సార్ అన్నడు, ఎక్కించేముందు అడగాలె. సార్ అన్నడు, తీసేసేముందు గుడ అడగాలె. "పప్పుల ఉప్పేసినవా మమ్మీ?" అని వాళ్లమ్మ అవుననక ముందే గరిటె తీసి నాలుక మీద వేసుకునేది. నేను "బిడ్డా" అని నాలుగు కేకలు పెడితే ఒకసారి పలికేది. ఆయన పై నుంచి కిటికీలో తల పెట్టి "మేడం!" అంటే రోడ్డు దాటి పరుగెత్తేది. ఇరవై యేళ్లు కూడా నిండని పిల్లను మేడం అంటాడు. ఆ ఎత్తు నాకెందుకు తట్టలేదా అని ఒకరోజు నేనూ ఇంట్లో "మేడం, చాయ్ తాగుతవా?" అన్నాను. "ఏమైంది డాడీ, పానం మంచిగ లేదా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

అప్పుడు వచ్చింది ల్యాబు పరీక్ష.

మా బిడ్డ చదివే కాలేజీ ల్యాబుకు లినక్సు మిషన్లు ఇచ్చింది నేను. ప్రాక్టికల్స్ కోసం కావాల్సిన కంపైలర్, అంటే పిల్లలు రాసిన ప్రోగ్రామును మిషన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్, అదే వారం నా చేతులతో నేను ఎక్కించాను. పరీక్ష పొద్దున మిషన్లు చూసుకోమని నన్నూ పిలిచారు, కరీంనగర్ నుంచి పరీక్షాధికారి వచ్చాడు. ఫలానా వెర్షన్‌గాని, దాని పైది గాని ఉంటేనే ప్రశ్నలు నడుస్తాయి, లేకపోతే పరీక్ష వాయిదా వేయాల్సిందేనన్నాడు. ప్రిన్సిపాల్ ముఖం వాడిపోయి నా వైపు తిరిగాడు.

"సేటూ, ఉన్నదా?"

"ఉన్నది సార్" అన్నాను. నా జన్మలో అంత నిజమైన "ఉన్నది" ఎప్పుడూ అనలేదు. బాపు నేర్పిన "ఉన్నది" కాదది, కళ్లతో చూసి, చేత్తో పెట్టి అన్నది. వెర్షన్ నంబరు కూడా చెప్పాను. ప్రిన్సిపాల్ ఊపిరి పీల్చుకున్నాడు. పరీక్షాధికారి పెన్ను మూత తీశాడు.

పిల్లల వరుసలోంచి మా బిడ్డ ముందుకు వచ్చింది.  దగ్గరున్న మిషన్ ముందు నిలబడి కొట్టింది. చెయ్యి ఎత్తింది. బొటనవేలు, చూపుడువేలు. ఎంటర్.

గదిలో తలలన్నీ నా మీది నుంచి తెర మీదికి తిరిగాయి. వరుస దిగింది. ఐఐ. పేరు. నేను చెప్పిన వెర్షన్, ఒక్క చుక్క తేడా లేకుండా.

"ఉన్నది!" అన్నాడు ప్రిన్సిపాల్, అప్పుడే తెలిసినట్టు. "వెరీ గుడ్ అమ్మా!"

"నేను గదే చెప్పిన గద సార్" అన్నాను. నా మాట ఎవరికీ వినబడలేదు. పరీక్షాధికారి ఆమె పేరు అడుగుతున్నాడు. గది వెనక, తన దగ్గర నేర్చుకునే పిల్లలను దింపడానికి వచ్చిన సార్ గోడకు ఆనకుండా నిలబడి ఉన్నాడు, తెల్ల చొక్కా మాయకుండా. నాకేసి చూసి తల ఊపాడు.

"నువ్వు కరెక్టే సేటూ. అయినా అడుగుడే మంచిది."

లేదని తేలి ఉంటే బాగుండేదని అప్పుడు నాకు అనిపించింది. తప్పైతే నాకు దారులు తెలుసు. కంపెనీ వాడి మీదికి తోయవచ్చు, సాయంత్రానికి పెడతానవచ్చు, నవ్వించవచ్చు. నిజం చెప్పి ఓడిపోయినవాడు దేన్ని పట్టుకుని బేరమాడాలి?

ఇంటికొచ్చాక అడిగాను. "నీ తండ్రి మాట మీద నమ్మకం లేదా నీకు? గంతమంది ముంగట?"

"నమ్మకం లేక గాదు డాడీ. నువ్వు పెట్టినంక ఎవరన్న తీసిండ్రేమోనని అడిగిన."

"నేను ఉన్నదన్న గద!"

"నువ్వు ప్రతిదాన్కి ఉన్నదనే అంటవు గద డాడీ" అన్నది. కోపంగా కాదు, నవ్వుతూ కూడా కాదు. చెమ్చా ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.

మరునాడు నేను ఆయన మెట్లు ఎక్కాను. హోల్‌సేల్ మార్కెట్‌కు పోయినట్టే తయారై పోయాను. కావాల్సిన సరుకును ముందు తక్కువ చేసి మాట్లాడాలి, అది మొదటి పాఠం.

"సార్, మా పిల్లకు ఏమొస్తది? మీకు ఉత్త బరువు. మీ టైం ఖరాబ్ చేస్తుంది. నా దుకాణంల కూసోబెట్టుకుంట, మీకు ఫికర్ ఉండదు."

ఆయన చాయ్ తాగుతున్నాడు. ఎప్పుడూ సగం తాగి సగం వదిలేసేవాడు, ఆ సగం చాయ్ కోసం బేరమాడొచ్చని గూడ ఆయనకు తోచేది కాదు. గ్లాసు కింద పెట్టాడు.

"బరువా? మేడమా? ఆమె రాకపోతే నా పిల్లలకు సగం క్లాసు ఎవరు చెప్తరు సేటూ?"

ధర పెంచాడు. నేను ఇంకో మెట్టు దిగాను. "అయితే మీరే చెప్పండ్రి సార్. ఇంక నేర్పేది లేదు, మీ డాడీ దగ్గరికి పో అని. మీరంటే పోతది. మీ మాటైతే ఇంటది."

ఆ చివరి మాట నా గొంతులోంచి ఎలా వచ్చిందో నాకే తెలుసు. ఆయన గ్లాసు పక్కకు జరిపాడు. వేళ్లు రాసుకున్నాడు, ఎదుట కీబోర్డు లేకుండానే.

"అడిగినవా?" అన్నాడు.

"ఎవర్ని?"

"మేడంను. మీ దుకాణంల కూసుంటవా అని అడిగినవా ఎప్పుడన్న?"

నేను మెట్లు దిగి వచ్చాను. అడగలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. "లేదు" అనకూడదని మా బాపు నేర్పాడు గాని, ఎవరన్నా మనల్ని "లేదు" అంటే ఎలా వినాలో నేర్పలేదు. నా బిడ్డ నోటి వెంట ఆ మాట రావడం కంటే, ఆమె రోడ్డుకవతల కూర్చుని ఉండటమే నయమనిపించింది. కనీసం నా గల్లా నుంచి కనిపిస్తుంది.

ఆయన పోయిన రోజు పొద్దున టైలరు వచ్చి చెప్పాడు. ఛాతీలో నొప్పి అన్నాడట, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. సమాధుల తోట దారి అంతా జనం. షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లు హెల్మెట్లు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. జ్యోతినగర్ నుంచి కరెంటు ప్లాంటు ఇంజనీర్లు కార్లలో వచ్చారు. బజ్జీల అక్క పొయ్యి వెలిగించలేదు. నేను ఏం చేశానో చెబితే నవ్వుకుంటారు. నా చావుకు ఇందులో ఎవరెవరు వస్తారో మనసులోనే ఏరుకుంటూ నిలబడ్డాను. పాట ఎత్తుకున్నారు. అందరూ శ్రుతిలో పాడారు. ఏదో చప్పగా ఉంది.

మా బిడ్డ ఏడ్చింది. ముఖం దాచుకోకుండా, ముక్కు తుడుచుకోకుండా ఏడ్చింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఆ భుజం నాది కాదన్నట్టు వణుకుతూనే ఉంది.

కొన్ని వారాలకు పై అంతస్తు ఖాళీ చేశారు. ఆ సాయంత్రం నా దుకాణం గుమ్మంలోకి మా బిడ్డ వచ్చి నిలబడింది.

"డాడీ, నేను ఈడ కూసోవచ్చా?"

అడిగింది. నేను ఇన్నేళ్లు అడగలేకపోయిన మాటను ఆమె గుమ్మంలో నిలబడి అడిగేసింది. ఎదుటివాడు సరుకు తెచ్చి చేతిలో పెడితే కూడా ఒక మాట తగ్గించి చూడటం నా రక్తంలో ఉంది. ఆ రోజు ఒక్క మాటా తగ్గించలేదు. "కూసో" అన్నాను.

గెలిచాననుకున్నాను. నా పేరు కింద ఆమె పేరు రాయించాను. అయితే నా దుకాణంలో ఇప్పుడు బ్లోయర్ మబ్బు లేవదు. ఎవరు ఏ మిషన్ తెచ్చినా ముందు నల్ల తెర తెరుచుకుంటుంది. మా బిడ్డ ఒక ధర చెబుతుంది, నాతో పాతికేళ్లుగా గొంతు చించుకున్న మనుషులే నోరెత్తకుండా ఇచ్చి పోతారు. "మొన్నటిదాక నాతోని లొల్లి వెట్టినవు గద అన్నా?" అని ఒకతన్ని పట్టుకుని అడిగాను. "నీతోని బేరమాడాలె సేటూ, లేకుంటే నీకు మంచిగనిపియ్యదు గద. నీ బిడ్డతోని ఎందుకు?" అన్నాడు. చౌరస్తాలో ఆటోవాళ్లు దారి అడిగిన వాళ్లకు "గదే, సార్ షాపు" అని నా దుకాణం చూపిస్తున్నారు. ఆయన బతికి ఉన్నప్పుడు రోడ్డుకవతల ఉండేవాడు. ఇప్పుడు నా ఇంట్లోకే వచ్చి కూర్చున్నాడు, రుమాలు కూడా పరవకుండా.

మొన్న బ్లాస్టింగ్ అయిన రోజే, మా ఆవిడ డబ్బా ఇచ్చి వెళ్లాక, ఒక ముసలాయన మెట్టెక్కాడు. మందమర్రి నుంచి బస్సులో వచ్చానన్నాడు. రిటైరైన బాయి మనిషని ముఖం మీది నల్ల మచ్చలే చెబుతున్నాయి. సీపీయూను బియ్యం సంచిలో పెట్టి చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. నాకేసి చూడలేదు. నా భుజం మీదుగా లోపలికి చూశాడు.

"సార్ ఉన్నడా? పోయినసారి ఆయనే చేసిచ్చిండు. గీడికే మారిండని ఆటో పిలగాడు చెప్పిండు."

నా నోరు నాకంటే ముందు కదిలింది.

"ఉన్నడు కాకా, కూసో."

అన్నాక తెలిసింది ఏం అన్నానో. నా ఎదురు కుర్చీలో కీబోర్డు చప్పుడు ఆగింది. మా బిడ్డ తల ఎత్తింది. నాకు ల్యాబు గది గుర్తొచ్చింది. ఇప్పుడు ముందుకు వస్తుంది, అడుగుతుంది, ఉన్నది ఉన్నట్టు తెర మీద పెడుతుంది. ఎన్నడూ రాని ఆ "లేడు" అన్న మాట ఈసారి ఆమె నోటి నుంచి నా గల్లా ముందు వచ్చి పడుతుంది. నేను తల వంచుకుని సిద్ధంగా కూర్చున్నాను.

ఆమె నన్నే చూస్తోంది. తర్వాత ముసలాయన వైపు తిరిగింది.

"మిషిన్ ఇటియ్యి కాకా" అని లేచి, సంచి విప్పి, వైర్లు తగిలించింది. నల్ల తెర వచ్చింది. కొట్టింది, చెయ్యి ఎత్తింది, వేళ్లు రాసింది. ముసలాయన ఆ వేళ్లనే చూస్తూ ఉన్నాడు. వరుసలు దిగడం మొదలుపెట్టగానే, బస్సు ఎక్కినప్పటి నుంచి బిగబట్టుకుని ఉన్న వీపును మెల్లగా కుర్చీకి ఆనించాడు. సార్ ఎక్కడని మళ్లీ అడగలేదు.

నా బిడ్డ నా మాటను తిరిగి అడగకుండా ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. అది కూడా సార్ కోసం.